పొలం విడిచిన మట్టి ఎక్కడికి చేరుతుంది? పశ్చిమ కర్నూలులో ద్రవ్యరాశి నిత్యత్వం

ద్రవ్యరాశి నిత్యత్వ నియమం పరీక్షనాళికకే పరిమితమైనది కాదు. పొలం, చెరువు, నది, జలాశయం వంటి ప్రకృతి వ్యవస్థలకు కూడ అది వర్తిస్తుంది. ఇవి వివృత వ్యవస్థలు. నీరు, మట్టి, పోషకాలు వీటి హద్దులు దాటి నిరంతరం వస్తూ పోతూ ఉంటాయి. లోపలికి వచ్చిన ద్రవ్యరాశి నుండి బయటకు పోయిన దానిని తీసివేస్తే నిల్వలో కలిగిన మార్పు తెలుస్తుంది. కావున ఒక చోటి నష్టం మరొక చోట తప్పక కనిపించాలి.

పొలంలో లెక్క

హెక్టారు భూమిపై 50 మి.మీ. వర్షం పడితే 500 టన్నుల నీరు చేరినట్లు. నల్లరేగడి నేల పగుళ్లు తొలుత ఆ నీటిని పీల్చుకుంటాయి. తడిసిన బంకమన్ను ఉబ్బి పగుళ్లు మూసుకున్న పిదప ఇంకుడు తగ్గి, మిగిలిన నీరు మట్టితో పాటు పల్లానికి పారుతుంది. స్థూల సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 1.3 గ్రాములు అనుకుంటే, హెక్టారులో 1 మి.మీ. మందం పైమట్టి బరువు 13 టన్నులు. ఇంత మట్టి పోయినా రైతు కంటికి ఆనదు.

ఎగువ మట్టి, మన కాలువ

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ఆయకట్టుకు తుంగభద్ర దిగువ కాలువ ఆధారం. హోసపేట వద్ద 1953లో నీరు నింపుకున్న తుంగభద్ర జలాశయం తొలి సామర్థ్యం సుమారు 132.47 టి.ఎం.సి.; 2016 సర్వే ప్రకారం 105.79 టి.ఎం.సి. తగ్గిన 26.68 టి.ఎం.సి. దాదాపు 75.5 కోట్ల ఘనపు మీటర్ల చోటు. సుమారు 28,000 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతంపై పరచి చూస్తే, సగటున ఏడాదికి అర మిల్లీమీటరు కూడ కాదు. పొలాల మట్టితో పాటు వాగుల గట్ల కోత కూడ ఇందులో ఉంది. కంటికి ఆనని ఆ పొరయే దిగువ రైతుకు అందవలసిన నీటి చోటును ఆక్రమించింది.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. 2008 సర్వేలో సామర్థ్యం 100.86 టి.ఎం.సి. మాత్రమే. ఎనిమిదేండ్లలో సుమారు 5 టి.ఎం.సి. పెరిగినట్లు కనిపిస్తుంది. అది నిజమైతే దాదాపు 14 కోట్ల ఘనపు మీటర్ల పూడిక బయటకు పోయి ఉండాలి. అంతటి తొలగింపు జరగలేదు కనుక, తేడాకు ప్రధాన కారణం కొలత విధానాలేనని భావించాలి. నియమం ఈ విధంగా లెక్కలను సరిచూచే సాధనం కూడ అవుతుంది. నిత్యమైనది ద్రవ్యరాశియే గాని ఘనపరిమాణం కాదు. అందుచేత పూడికను వీలైనంత వరకు పొడి బరువులో లెక్కించుట మేలు.

మన మట్టి, దిగువ జలాశయం

ఆదోని, ఎమ్మిగనూరు పొలాల వాగులు తుంగభద్రలో కలుస్తాయి. ఆ నది సంగమేశ్వరం వద్ద కృష్ణను చేరి శ్రీశైలం జలాశయంలో ప్రవేశిస్తుంది. దాని సామర్థ్యం 308 టి.ఎం.సి. నుండి సుమారు 216 టి.ఎం.సి.లకు తగ్గింది. ఆ పూడిక కృష్ణా ఎగువ పరీవాహకమంతటిది. అందులో మన వంతు కూడ ఉంది. ఆ జలాశయం నుండే పోతిరెడ్డిపాడు, హంద్రీ–నీవా ద్వారా రాయలసీమకు నీరు రావలసి ఉంది. పొలం విడిచిన మట్టి నీటి కొరతగా సీమకే తిరిగి వస్తున్నది.

విస్తరణలో ఆచరణ

వాలుకు అడ్డంగా దున్నుట, సమోన్నత రేఖల వెంబడి గట్లు, గడ్డి వరుసలు నీటి వేగాన్ని తగ్గించి మట్టిని పొలంలోనే నిలుపుతాయి. దాటిపోయిన దానిలో కొంత సేద్యపు కుంటలో ఆగుతుంది. వేసవిలో కుంట పూడిక పొడి బరువు తూచి, నీరు పారి వచ్చిన విస్తీర్ణంతో భాగిస్తే హెక్టారుకు కనీస నష్టం తెలుస్తుంది. కుంట దాటిన సన్నని మట్టి ఇందులో చేరదు కనుక అసలు నష్టం ఇంతకన్న ఎక్కువే. బంకమన్ను అధికంగా గల పూడికను ఇసుకపాలు ఎక్కువైన ఎర్రనేలలకు తోలితే తేమ నిలుపుకొనే శక్తి పెరుగుతుంది. నల్లరేగడికి ఆ ప్రయోజనం అంతగా ఉండదు. రైతుకు నేల కోతను మిల్లీమీటర్లలో గాక ట్రాక్టరు ట్రక్కుల లెక్కలో చూపినప్పుడు గట్టు విలువ సులభంగా బోధపడుతుంది.