గాలి నింపితే చాలదు... టైరు లోపల చూడాలి

ధాన్యం తోలకాలు మొదలైతే ట్రాక్టరు చక్రాలకు తెరిపి ఉండదు. దుక్కిలో పట్టు దొరకాలని వెనుక చక్రాల గాలి తగ్గించిన వారు, అదే గాలితో బస్తాల ట్రక్కు తగిలించుకుని రోడ్డెక్కుతుంటారు. ట్రక్కు చక్రాల సంగతైతే పట్టించుకునేవారే తక్కువ. బస్తాల మీద కూలీలు కూర్చుని ఉంటారు. టైరు పేలితే ట్రక్కు ఒరిగేది వారితోనే.

పొలంలో నిదానపు నడక కనుక చెల్లింది. తారు రోడ్డుపై బరువుతో పరుగెత్తేటప్పుడు గాలి చాలని టైరు పక్కలు చక్రం తిరిగిన ప్రతిసారీ మడత పడి లేస్తుంటాయి. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కి తెగుతుంది కదా, ఇదీ అంతే. వేడికి రబ్బరు, లోపలి దారాలు విడిపోతాయి.

ముందుగా గ్రిప్పు చూడాలి. నడుమ బాగుండి రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో నడిచిందన్నమాట. (నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది.) పక్కల్లో రిమ్ముకు పైగా చుట్టూ మడత గీత, సన్నటి పగుళ్లు, చేతికి తగిలే ఉబ్బు మంచివి కావు.

అసలు గుట్టు లోపల ఉంటుంది. టైరు విప్పించి, ట్యూబు తీసి, వెలుతురులో చూడాలి. నల్లటి రబ్బరు పొడి రాలుతున్నా, లోపలి పొర ముడతలు పడినా, దారాలు పైకి తేలినా ఆ టైరు పని అయిపోయినట్లే. ఇంకో పంట కాలం వస్తుందని పంక్చరు షాపువారు భరోసా ఇచ్చినా నమ్మరాదు. పట్టీ వేస్తే పంక్చరు పూడుతుంది గాని తెగిన దారాలు అతకవు.

ఉండవలసిన గాలిలో అయిదో వంతు తగ్గి నడిచినా విప్పి చూడాలన్నది టైర్ల పనివారు పాటించవలసిన నియమం. 30 పౌన్లకు 24 అన్నమాట. కర్రతో కొట్టి చప్పుడును బట్టి గాలి చెప్పేవారున్నారు. పూర్తిగా దిగితే తెలుస్తుందేమో గాని ఆరు పౌన్ల తేడా చెవికి అందదు. గేజి పెట్టాలి, అదీ ఉదయం బండి కదలకముందే. నడిచి వచ్చాక వేడికి గాలి ఎక్కువ చూపుతుంది. అది చూసి గాలి తీసేస్తే మొదటికే మోసం.

ఉక్కు తీగలుండే లారీ టైర్లతో మరీ జాగ్రత్త అవసరం. గాలి దిగి నడిచిన టైరుకు తిరిగి గాలి పడుతుండగా పక్క పొడవునా చీలి పేలిపోవచ్చు. ఎదురుగా గొంతుక్కూర్చుని గాలి పట్టరాదు. పొడవాటి గొట్టంతో, పక్కకు తప్పుకుని నిలబడి పట్టాలి. లోపల టప్ టప్‌మని తీగలు తెగే చప్పుడు వినిపిస్తే దూరం నుంచే గాలి కట్టేయాలి, దగ్గరికి ఎవరినీ రానీయకూడదు.