స్టూడిబేకర్: నిలిచిన బండి, నిలువని మాట

రాజవంశాల చరిత్రను చదివినంత శ్రద్ధగా కర్మాగారాల చరిత్రను కూడా విద్యార్థులు చదువవలసి ఉన్నదని మా అభిప్రాయం. రాజ్యం పోయినా కోట మిగులుతుంది. కర్మాగారం మూతపడితే ఏమి మిగులుతుంది? దాని సరుకు కొన్నవారి గతి ఏమిటి? దానినే నమ్ముకొని పాతికేళ్ళు పనిచేసినవారి గతి ఏమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకేవారికి అమెరికా దేశపు స్టూడిబేకర్ సంస్థ కథ చక్కని పాఠం. నూటపద్నాలుగు సంవత్సరాలపాటు బండ్లు చేసి, 1966లో ఆ పని విరమించిన సంస్థ అది.

ఈ పేరు మన దేశానికి బొత్తిగా కొత్తది కాదు. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ, స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో స్టూడిబేకర్ వాహనాలను భాగాలుగా తెప్పించి ఇక్కడ కూర్చి అమ్మినది. 1957 నుండి 2014 వరకు మన రోడ్లమీద తిరిగిన అంబాసిడర్ కారును తయారుచేసినది కూడా ఆ సంస్థే. కనుక తయారీ ఆగిపోయిన బండిని నడుపుకొనడమంటే ఏమిటో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కమ్మరి కొలిమి నుండి కారు దాకా

1852 ఫిబ్రవరిలో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ పట్టణంలో హెన్రీ, క్లెమెంట్ స్టూడిబేకర్ అనే అన్నదమ్ములు కమ్మరి కొలిమి పెట్టారు. వారి పెట్టుబడి 68 డాలర్లని ప్రసిద్ధి. మరొక సోదరుడు జాన్ 1853లో బంగారు గనుల వార్త విని కాలిఫోర్నియాకు వెళ్ళాడు. అయితే అతడు బంగారం తవ్వలేదు. తవ్వేవారికి ఒంటిచక్రపు తోపుడుబండ్లు చేసి అమ్మాడు. 1858లో 8,000 డాలర్లతో తిరిగివచ్చి హెన్రీ వాటాను కొన్నాడు. హెన్రీ అహింసను బోధించే క్రైస్తవ శాఖకు చెందినవాడు. సైన్యానికి బండ్లు చేయడం అతని మనస్సుకు ఒప్పలేదు. అంతర్యుద్ధ కాలంలో ఉత్తరాది సైన్యానికి సరఫరా చేసిన బండ్లతో సంస్థ బలపడినది. పందొమ్మిదవ శతాబ్ది చివరినాటికి గుర్రపుబండ్ల తయారీలో అది ప్రపంచ ప్రసిద్ధి పొందినది.

కాలం మారుతున్నదని గ్రహించి సంస్థ 1902లో విద్యుత్తుతో నడిచే కారును, 1904లో పెట్రోలు కారును ప్రవేశపెట్టినది. 1920లో గుర్రపుబండ్ల తయారీని పూర్తిగా మానివేసినది. ఇరుసు, ఆకులు, చక్రపు పట్టా తెలిసిన చేతులే ఇంజను పని కూడా నేర్చుకొన్నాయి. ఒక వృత్తి అంతరించి మరొక వృత్తి పుట్టే సంధికాలంలో పెద్ద పెద్ద బండ్ల కంపెనీలు కనుమరుగైనప్పటికీ స్టూడిబేకర్ నిలబడగలిగినది.

మొదటి దెబ్బ 1930లలో తగిలినది. ఆర్థికమాంద్యం త్వరలోనే తొలగిపోతుందని నమ్మిన అధ్యక్షుడు ఆల్బర్ట్ ఎర్‌స్కిన్, సంపాదించిన లాభాలకు మించి వాటాదారులకు డివిడెండ్లు పంచాడు. నిల్వ ఉన్న ధనం కరగిపోయినది. 1933లో సంస్థ న్యాయస్థానం నియమించిన అధికారుల ఆధీనంలోకి వెళ్ళినది. ఆ సంవత్సరమే ఎర్‌స్కిన్ ఆత్మహత్య చేసికొన్నాడు. పాల్ హాఫ్‌మన్, హెరాల్డ్ వాన్స్ అనే ఇరువురు నిర్వాహకులు సంస్థను మళ్ళీ నిలబెట్టారు. ఈ హాఫ్‌మనే 1948లో యుద్ధానంతర ఐరోపా పునర్నిర్మాణానికి ఉద్దేశించిన మార్షల్ పథకానికి పరిపాలకుడైనాడు.

1939లో వచ్చిన ఛాంపియన్ కారు తేలికగా, పొదుపుగా ఉండి సామాన్య కుటుంబాలను ఆకర్షించినది. రెండవ ప్రపంచయుద్ధంలో సంస్థ చేసిన ట్రక్కులలో అత్యధిక భాగం సోవియట్ రష్యాకు వెళ్ళాయి. కత్యూషా రాకెట్లను ప్రయోగించే యంత్రాలను రష్యన్లు వాటిమీద అమర్చుకొన్నారు. యుద్ధం ముగియగానే ఇతర పెద్ద కంపెనీలు పాత నమూనాలనే అమ్ముతుండగా, స్టూడిబేకర్ 1947 సంవత్సరపు కారును సరికొత్త ఆకృతితో తెచ్చినది. వెనుక అద్దం పక్కలదాకా చుట్టి ఉండే స్టార్‌లైట్ నమూనాను చూచి, బండి వస్తున్నదో పోతున్నదో తెలియడం లేదని అమెరికనులు హాస్యమాడేవారు. 1950లో సంస్థ 3 లక్షలకు పైగా కార్లు తయారుచేసినది. అదే దాని శిఖరం.

సొంతదారుల అనుభవం

ఈ కార్లు నడిపినవారు మెచ్చుకొన్న సౌకర్యాలలో రెండింటిని విద్యార్థులకు వివరించదలచినాము. మొదటిది 1936 నుండి లభించిన హిల్ హోల్డర్. ఎగువన ఆపిన బండిని కదిలించేటప్పుడు, కాలు బ్రేకు నుండి ఆక్సిలరేటరు మీదికి పోయేలోపల బండి వెనుకకు జారుతుంది. కొత్తగా నేర్చుకొనే డ్రైవరుకు ఇది పెద్ద భయం. ఈ పరికరంలో ఒక చిన్న ఉక్కు గోళీ ఉంటుంది. బండి ఎగువన ఉన్నప్పుడు గోళీ వెనుకకు దొర్లి, బ్రేకు ద్రవం తిరిగిపోయే దారిని మూసివేస్తుంది. క్లచ్ తొక్కి ఉంచినంతసేపు, బ్రేకు మీది కాలు తీసినా పట్టు వదలదు. క్లచ్ వదలగానే గోళీ తొలగి, బండి ముందుకు కదులుతుంది. అంత పెద్ద భయాన్ని తీర్చినది ఒక గోళీయే!

రెండవది ఓవర్‌డ్రైవ్. బండి వేగం అందుకొన్న పిమ్మట డ్రైవరు ఆక్సిలరేటరు మీది కాలు ఒక్క క్షణం ఎత్తితే, అదనపు గేరు దానంతటదే పడుతుంది. అప్పుడు చక్రాల వేగం తగ్గకుండానే ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. పెట్రోలు మిగులుతుంది, ఇంజను అరుగుదల తగ్గుతుంది.

లోపాలూ లేకపోలేదు. 1953 తరువాతి కార్లలో ముందు మడ్‌గార్డుల వెనుక సందులో బురద చేరి, తడి ఆరక, లోపలినుండి తుప్పు పట్టేది. పైకి రంగు నిగనిగలాడుతుండగానే ఇనుము తినివేయబడేది. ఆ కాలపు అనేక కార్లవలె వీటిలో కూడా వైపర్లు ఇంజను పీల్చుకొనే గాలి బలంతో ఆడేవి. ఎగువ ఎక్కేటప్పుడు ఆక్సిలరేటరు అదిమితే ఆ బలం తగ్గి, వానలో సరిగా అవసరమైన వేళకే వైపర్లు మందగించేవి. శీతల ప్రాంతాలవారు 6 వోల్టుల బ్యాటరీతో తెల్లవారుజామున పడిన అవస్థ కూడా చెప్పుకోదగినదే.

అయితే సొంతదారులను అన్నిటికంటె ఎక్కువగా బాధించినది యంత్రదోషం కాదు, అనుమానం. తయారీదారు మూతపడిన కారును అమెరికనులు అనాథ అని వ్యవహరిస్తారు. 1950ల మధ్య నుండి స్టూడిబేకర్ మూతపడనున్నదనే వదంతులు వ్యాపించాయి. రేపు అనాథ కానున్న బండిని ఈనాడు ఎవరు కొంటారు? కొనేవారు తగ్గినకొద్దీ సంస్థ బలహీనపడినది. సంస్థ బలహీనపడినకొద్దీ వదంతి నిజమైనది. పాతబండి ధర పడిపోయి, ఇష్టపడి కొన్నవారే నష్టపోయారు.

పతనానికి కారణాలు

పతనానికి ఒక్క కారణం చెప్పడం న్యాయం కాదు. సౌత్ బెండ్ భవనాలు పాతవి, అంతస్తులుగా కట్టినవి. జీతాలు పోటీ కంపెనీలకంటె ఎక్కువ. 1953లో వచ్చిన కూపే కారు ఆకృతిని రేమండ్ లోవీ శిల్పిబృందంలోని రాబర్ట్ బోర్క్ రూపొందించాడు. దాని అందాన్ని లోకమంతా మెచ్చుకొన్నది గాని, తయారీలో భాగాలు సరిగా అమరక ఆలస్యమైనది. జనం కూపేలు అడుగుతుంటే సంస్థ నాలుగు తలుపుల సెడాన్లను అధికంగా సిద్ధం చేసికొని కూర్చున్నది. సరిగా అప్పుడే ఫోర్డ్, జనరల్ మోటార్స్ సంస్థలు అమ్మకాలకోసం ఒకదానితో ఒకటి పోటీపడసాగాయి. ఏనుగులు పోరాడితే పచ్చగడ్డి నలిగినట్లు చిన్న కంపెనీలు నలిగిపోయాయి.

1954లో పాకార్డ్ సంస్థతో విలీనం జరిగినది. లెక్కలు సరిచూడగా, అనుకొన్నదానికంటె చాలా ఎక్కువ కార్లు అమ్మితేగాని సౌత్ బెండ్ కర్మాగారానికి నష్టం తప్పదని తేలినది. 1959 నాటి లార్క్ అనే చిన్న కారు కొంత ఊపిరి పోసినది. 1962లో ప్రదర్శించిన అవాంతి, ఫైబర్ గ్లాసు దేహంతో, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులతో ఆశ్చర్యం కలిగించినా, 5,000 కూడా తయారు కాలేదు. 1963 డిసెంబరు 9న సౌత్ బెండ్ కర్మాగారాన్ని మూసివేయనున్నట్లు సంస్థ ప్రకటించినది. ఆ నెలలోనే అక్కడ చివరి కారు వెలువడినది. కెనడాలోని హామిల్టన్ కర్మాగారం 1966 మార్చి వరకు నడిచి, అదీ ఆగిపోయినది.

నిలువని మాట

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. సౌత్ బెండ్‌లో తండ్రి పక్కన కొడుకు నిలబడి పనిచేయడం సంస్థకు గర్వకారణం. 1940లలో తన ప్రకటనలలో ఆ తండ్రీకొడుకుల జంటలనే చూపేది. 1950లో కార్మిక సంఘంతో చేసికొన్న ఒప్పందం ప్రకారం పింఛను పథకం ఏర్పడినది. అంతకుముందు చేసిన సర్వీసుకు కూడా పింఛను వర్తిస్తుందన్నారు. కాని అందుకు కావలసిన సొమ్మును ఒక్కసారిగా గాక, ముప్పయి సంవత్సరాలలో వాయిదాలుగా జమచేయాలని ఏర్పాటు. తరువాతి ఒప్పందాలలో పింఛను పెంచినప్పుడల్లా, జమ కావలసిన బాకీ కూడా పెరిగినది. పదమూడేళ్ళకే కర్మాగారం మూతపడినది.

నిధిలో ఉన్నదానిని 1964లో పంచారు. అప్పటికే పదవీ విరమణ చేసినవారికి, అరవై నిండినవారికి, మొత్తం సుమారు 3,600 మందికి, పూర్తి పింఛను లభించినది. పది సంవత్సరాల సర్వీసు ఉండి, నలభైకి అరవైకి మధ్య వయస్సుగల సుమారు 4,000 మందికి, 100 డాలర్లు రావలసినచోట 15 డాలర్లు వచ్చాయి. వీరి సగటు వయస్సు 52, సగటు సర్వీసు 23 సంవత్సరాలు. మిగిలిన 2,900 మందికి ఏమీ రాలేదు. యాభై రెండేళ్ళ మనిషి కొత్త పని ఎక్కడ వెదకగలడు? తండ్రీకొడుకులు ఒకేచోట పనిచేసిన ఇంట ఇద్దరి జీతమూ ఒకే దినాన ఆగిపోతే ఆ ఇల్లు ఎట్లా గడవాలి?

ఇందులో సంస్థ చట్టాన్ని అతిక్రమించలేదన్నది గమనించవలసిన సంగతి. కట్టవలసిన వాయిదాలు కట్టినది. నిధిలో ఉన్నంతవరకే బాధ్యత అని ఒప్పందంలోనే ఉన్నది. ఇతర వ్యాపారాలు చేసికొంటూ సంస్థ బ్రతికే ఉన్నది. కార్మికులకు ఇచ్చిన మాట మాత్రం చచ్చిపోయినది. తప్పు చేసినవాడు లేకుండానే అన్యాయం జరగవచ్చునని సౌత్ బెండ్ లోకానికి చూపినది. న్యూయార్క్ సెనేటరు జేకబ్ జావిట్స్ 1967 నుండి సంస్కరణ కోసం పాటుపడ్డాడు. 1974 సెప్టెంబరు 2న, అమెరికా కార్మిక దినోత్సవం నాడు, అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ పింఛను రక్షణ చట్టంపై సంతకం చేశాడు. నిధి చాలని పింఛన్లకు కొంత పరిమితివరకు హామీ ఇచ్చే సంస్థ దానివల్ల ఏర్పడినది. సౌత్ బెండ్ కార్మికులకు మాత్రం ఆ చట్టం పదేళ్ళు ఆలస్యమైనది.

నిలిచిన బండి

మరి కార్ల సంగతి ఏమైనది? అవి చావలేదు. కొత్త నమూనాలకు డబ్బు లేక సంస్థ 1951లో రూపొందించిన వి-8 ఇంజనునే 1964 దాకా, 1953 నాటి చట్రాన్నే కొద్దిపాటి మార్పులతో చివరిదాకా వాడుకొన్నది. తయారీదారుని పేదరికం సొంతదారునికి వరమైనది: ఒక సంవత్సరపు బండి భాగం మరొక సంవత్సరపు బండికి సరిపోతుంది. కర్మాగారంలో మిగిలిన విడిభాగాల నిల్వలు చేతులు మారుతూ దశాబ్దాలపాటు అమ్ముడయ్యాయి. 1962లోనే, అంటే కర్మాగారం ఇంకా నడుస్తుండగానే, స్టూడిబేకర్ డ్రైవర్స్ క్లబ్ ఏర్పడినది. ఏ భాగం ఎక్కడ దొరుకుతుందో, ఏ లోపానికి ఏది మందో, సభ్యులు ఒకరికొకరు చెప్పుకొన్నారు. తుప్పు పట్టే సందును ఎప్పటికప్పుడు కడగాలని, పనికిరాని బండిని పారవేయక భాగాలకోసం దాచాలని కొత్తవారికి నేర్పారు. సౌత్ బెండ్‌లోని స్టూడిబేకర్ జాతీయ ప్రదర్శనశాలలో, అబ్రహాం లింకన్ హత్యకు గురైన రాత్రి నాటకశాలకు వెళ్ళిన గుర్రపుబండిని కూడా భద్రపరచారు.

బండికి విడిభాగాలు నిల్వ ఉన్నవి, గనుక బండి నిలిచినది. పింఛనుకు సొమ్ము నిల్వ లేదు, గనుక మాట నిలువలేదు. మాట నిలవాలంటే దాని వెనుక నిల్వ ఉండాలి. మన దేశంలో 1952 నాటి భవిష్యనిధి చట్టం నెలనెలా జీతం నుండి కొంత, యజమాని నుండి కొంత ముందే జమ చేయించినది ఈ సూత్రం మీదనే.

రేపు ఉద్యోగాలలో ప్రవేశించనున్న విద్యార్థులకు, సంస్థలను నడిపే పెద్దలకు మా మనవి ఒక్కటే. ఒక వాగ్దానం చేసేటప్పుడు గాని, స్వీకరించేటప్పుడు గాని, ఎంత ఇస్తామన్నారని అడిగి ఊరుకొనరాదు. ఇప్పటికి ఎంత జమ అయినదో కూడా అడగాలి. సౌత్ బెండ్‌లో యాభై రెండేళ్ళ కార్మికుడు ఆ ప్రశ్న అడిగేనాటికి కర్మాగారం గేటు మూసి ఉన్నది.