చెరువులో ఒక్కసారి వదిలితే వెనక్కి తేలేం: పరాయి చేపలపై నిఘా పెట్టే శాస్త్రవేత్త పని ఇదీ

కల్వకుర్తి: చేపల మార్కెట్‌లో ఒక టబ్బు. అందులో నల్లగా, పొడవాటి మీసాలతో మెలికలు తిరుగుతున్న చేపలు. "భాయ్, ఇది మార్పేనా?" అని అడిగితే "మార్పే, తీసుకోండి" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. రేటు కూడా అందుబాటులోనే ఉంటుంది. ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకుంటాం. కానీ అది మన మార్పు కాకపోవచ్చు. ఆఫ్రికా నుంచి వచ్చిన క్యాట్‌ఫిష్ కావచ్చు. థాయ్ మాగుర్ అన్న పేరుతోనూ దాన్ని అమ్ముతారు. దాని పెంపకం మీద మన దేశంలో 2000 నుంచే నిషేధం ఉంది.

ఈ రెండు చేపలను వేరుచేసి చెప్పడం, పరాయి చేప ఏ దారిన చెరువులోకి వచ్చిందో కనిపెట్టడం, అది పక్క చెరువుకు పాకకుండా చూడడం మత్స్య జీవశాస్త్రవేత్త చేసే పనుల్లో ముఖ్యమైనవి. ఫిషరీస్ బయాలజిస్ట్ అంటారు. డాక్టర్, ఇంజనీర్ లాగా ఈ ఉద్యోగం మన ఇళ్లలో పెద్దగా మాటల్లోకి రాదు. కానీ చెరువు మీద బతికే కుటుంబాలకు ఈ పనితో నేరుగా సంబంధం ఉంది.

పరాయిదైతే చాలు, చెడ్డదేనా?

కాదు. మన చెరువుల్లో బొచ్చె, రవ్వలతో కలిపి పెంచే బంగారు తీగ కూడా బయటి దేశం నుంచి వచ్చిన చేపే. దాన్ని పెంచి, అమ్మి ఎంతోమంది బతుకుతున్నారు. బయటి నుంచి వచ్చిన ప్రాణి అదుపు తప్పి పెరిగి, స్థానిక జీవులకు, మనుషుల జీవనోపాధికి నష్టం చేస్తేనే దాన్ని ఇన్‌వేసివ్, అంటే చొరబాటు జాతి అంటారు. జీవవైవిధ్యంపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐపీబీఈఎస్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనుషుల వల్ల ప్రపంచంలో కొత్త చోట్లకు చేరిన జాతులు 37 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో హాని చేస్తున్నవి 3,500కు పైగా. అంటే పదింటిలో ఒకటి. ఆ ఒక్కటి ఏదో ముందే పసిగట్టడమే అసలు పని.

మన దగ్గర కనిపెట్టి ఉండాల్సినవి

మొదటిది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. ఇది మాంసాహారి. చిన్న చేపలు, కప్పలు, పురుగులు, ఏది దొరికితే అది తింటుంది. గాలి పీల్చుకోగలదు కాబట్టి మురికి నీళ్లలోనూ బతుకుతుంది. తడి నేల మీద పాకుతూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోగలదు. దొంగచాటుగా పెంచేవాళ్లు దీనికి కోళ్ల వ్యర్థాలు, కుళ్లిన మాంసం మేతగా వేస్తున్నట్టు దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. మనం తినే చేప ఏం తిని పెరిగిందో చూసుకోవాల్సిన అవసరం ప్రతి ఇంటికీ ఉంది.

రెండోది తిలాపియా. చైనా గొరక, జిలేబీ అని కూడా అంటారు. 1952లో దీన్ని మన దేశానికి తెచ్చారు. తల్లి చేప గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది కాబట్టి పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. ఏడాదిలో చాలాసార్లు గుడ్లు పెడుతుంది. కొన్నాళ్లకు చెరువు నిండా అరచేతి సైజు చేపలే మిగులుతాయి. వల నిండుతుంది, గల్లా నిండదు. మెరుగుపరిచిన తిలాపియా రకాన్ని లైసెన్సు తీసుకుని, బయటికి పోకుండా జాగ్రత్తలతో పెంచడానికి మాత్రం ప్రభుత్వం అనుమతి ఇస్తోంది.

మూడోది సకర్ చేప. అక్వేరియం అద్దానికి అతుక్కుని పాచి తినే నల్ల చేప ఇదే. పత్రికల్లో దెయ్యం చేప, డెవిల్ ఫిష్ అని రాస్తుంటారు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఒంటి మీద ఎముక పలకలు, గట్టి ముళ్లు ఉంటాయి. వలలో పడితే వల చిరుగుతుంది. కొనేవాళ్లు ఉండరు. అన్నిటికన్నా పెద్ద సమస్య, ఇది గుడ్లు పెట్టడానికి ఒడ్డు మట్టిలో బొరియలు తవ్వుతుంది. మన చెరువులకు ఉన్నవి మట్టి కట్టలు. కట్టకు బొరియలు పడితే ఏమవుతుందో రైతులకు వేరే చెప్పాల్సిన పని లేదు.

లిఫ్టు నీళ్లతో మారిన లెక్క

పాలమూరు కరువు నేల. ఒకప్పుడు ఎండాకాలం వస్తే చాలా చెరువులు ఎండిపోయేవి. కొర్రమీను, మార్పు లాంటి మొండి చేపలు బురదలో దాక్కుని బతికేవి. మిగతావి పోయేవి. ఆ ఎండే ఒక రకంగా చెరువును శుభ్రం చేసేది.

మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వచ్చాక పరిస్థితి మారింది. శ్రీశైలం జలాశయం వెనుక నీటిని ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడు దశల్లో ఎత్తి కాల్వల్లోకి వదులుతున్నారు. ఆ నీటితో చెరువులు నిండుతున్నాయి. పొలం పండుతోంది, చేపల పెంపకం పెరుగుతోంది. ఇది మంచి మార్పు. అయితే నదిని, కాల్వను, చెరువును ఒకే దారిలో కలిపినప్పుడు నీటితో పాటు చేప గుడ్లు, పిల్లలు కూడా ప్రయాణం చేసే వీలుంటుంది. పైగా చెరువు ఎండకపోతే ఒకసారి వచ్చిన పరాయి చేప అక్కడే స్థిరపడుతుంది. అందుకే నీళ్లు పెరిగిన చోట నిఘా కూడా పెరగాలి.

శాస్త్రవేత్త ఏం చేస్తారు?

పని పిల్ల చేపల దగ్గరే మొదలవుతుంది. తెలంగాణలో 2016-17 నుంచి మత్స్యశాఖ చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదులుతోంది. ఏ పిల్లలను వదిలినా ముందు గమనించాల్సింది, అందులో వేరే జాతి కలిసిందా అని. వేలెడంత పిల్లల్లో తేడా పట్టడానికి అలవాటైన కన్ను కావాలి.

తర్వాతది చెరువులో వెతకడం. వలలు వేసి, పడిన చేపలను జాతివారీగా లెక్కపెట్టి, పొడవు, బరువు రాసుకుంటారు. పొట్ట కోసి ఏం తిన్నదో చూస్తారు. ఇప్పుడు ఇంకో దారి కూడా వచ్చింది. చేప నీళ్లలో వదిలే మలం, చర్మం ద్వారా దాని డీఎన్‌ఏ నీటిలో కలుస్తుంది. కొంచెం నీళ్లు తీసుకుని ల్యాబ్‌లో పరీక్షిస్తే, చేప కంటికి కనిపించకపోయినా ఉందో లేదో తెలుస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు సకర్ చేప కోసం ఇలాంటి పరీక్షే తయారు చేశారు. తూర్పు కనుమల్లో దాదాపు 60 శాతం నీటి వనరులకు ఆ చేప పాకిందని 2023లో వెల్లడించారు. మనకు దగ్గర్లోని నల్లమల ఆ తూర్పు కనుమల్లో భాగమే.

పరాయి చేప దొరికితే వెంటనే కదలాలి. చిన్న కుంట అయితే నీళ్లు తోడేసి ఎండగట్టవచ్చు. తోడలేకపోతే ఇప్ప చెక్క వాడతారు. ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి ఇది. మీటరు లోతున్న నీటికి హెక్టారుకు సుమారు 2,500 కిలోలు వేస్తే చేపలు చనిపోతాయి. రెండు మూడు వారాల్లో విషం తగ్గి, అదే ఎరువుగా మారుతుంది. అయితే ఇది మంచి చేపను, చెడ్డ చేపను వేరుచేసి చంపదు. అందుకే మత్స్యశాఖ సలహా లేకుండా సొంతంగా చేయకూడదు. పెద్ద జలాశయంలో ఇవేవీ కుదరవు. అక్కడ పట్టి తీసేస్తూ, సంఖ్య పెరగకుండా చూడడం తప్ప దారి లేదు.

అమెరికాలో కొర్రమీను చుట్టం

2002లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో మన కొర్రమీను జాతికి చుట్టమైన స్నేక్‌హెడ్ దొరికింది. అది చైనా వైపు చేప. ఒకాయన అనారోగ్యంతో ఉన్న సోదరికి సూప్ చేసిపెట్టడానికి న్యూయార్క్ నుంచి రెండు బతికున్న చేపలు తెప్పించాడు. అవి వచ్చేసరికి ఆమె కోలుకుంది. కొన్నాళ్లు అక్వేరియంలో పెంచి, పెద్దవయ్యాక చెరువులో వదిలేశాడు. ఆయన మనసులో చెడు ఏమీ లేదు.

అధికారులు చెరువులో మందు కలిపి చూస్తే పెద్ద చేపలతో పాటు వెయ్యికి పైగా పిల్లలు బయటపడ్డాయి. ఆ చెరువు వరకు శుభ్రమైంది. కానీ 2004లో దగ్గర్లోని పొటోమాక్ నదిలో అదే జాతి చేపలు కనిపించాయి. అవి నేటికీ అక్కడే ఉన్నాయి. మనం ఇష్టంగా తినే కొర్రమీను చుట్టమే అక్కడ చొరబాటుదారు. తప్పు చేపది కాదు, చోటు మార్చిన మనిషిది.

మన ఇంటి నుంచి ఏం చేయొచ్చు?

అక్వేరియం చేప పెద్దదైతే జాలిపడి చెరువులో, కాల్వలో, బావిలో వదలొద్దు. అమ్మిన షాపుకే తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకునే వాళ్లకు ఇవ్వండి. పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి.

మార్పు పేరుతో కిలో, రెండు కిలోలు దాటిన చేప అమ్ముతుంటే ఒక్కసారి ఆలోచించండి. మన మార్పు మామూలుగా అంత పెరగదు. వలలో ఎప్పుడూ చూడని చేప పడితే నీళ్లలోకి తిరిగి వదలకుండా, ఫోటో తీసి జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి చూపించండి.

చదువుకునే పిల్లలకు దారి

ఈ పని నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. వనపర్తి జిల్లా పెబ్బేరులో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద మత్స్య కళాశాల ఉంది. నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ కోర్సు చదవొచ్చు. ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. తర్వాత ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ లాంటి చోట్ల పై చదువులున్నాయి. ఎంబీబీఎస్ సీటు రాలేదని బాధపడే ఇళ్లలో ఈ దారి గురించి కూడా మాట్లాడుకోవచ్చు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదంటారు. చెరువు విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ఒక చేపను బకెట్‌లో ఆపడానికి పైసా ఖర్చు కాదు. అదే చేప కృష్ణా నీళ్లలో కలిశాక ఎన్ని లక్షలు పెట్టినా తిరిగి రాదు.