చెక్కపలకలో మాదాపూర్ బండలు



గోడకు తగిలించుకోవడానికి ఒక చెక్కపలక, దాని మీద గుట్టలూ చెరువూ చెక్కి రంగులు వేసినది, మన చేతులతో మనమే ఎలా చేసుకోవచ్చో ఈ పూట చెప్పుకుందాం. "ఉలీ సుత్తీ మనకెందుకమ్మా, అది వడ్రంగి పని కదా" అని అప్పుడే కొందరు అనుకుంటూ ఉంటారు. పనసకాయ కోసి తొనలు తీసిన చేతికి, చిప్పలోంచి కొబ్బరి ఊడదీసిన చేతికి ఉలి మరీ అంత కొత్తేమీ కాదు. కావలసింది ఓపిక, రోజుకో గంట తీరిక.

మేముండేది హైటెక్ సిటీకి దగ్గరలో, మాదాపూర్ వైపు ఒక అపార్టుమెంటులో. మా వంటింటి కిటికీలోంచి బండల గుట్ట ఒకటి కనిపించేది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే బండలు, వాటి పక్కన ఒక సీతాఫలం చెట్టు. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఆ బండల్నే చూస్తూ నిలబడేదాన్ని. కిందటేడు దాన్ని చెక్క మీద చెక్కాలని కాగితం మీద బొమ్మ గీయడం మొదలుపెట్టాను. సగం గీశానో లేదో, కంప్రెసర్లు వచ్చాయి. నెల తిరిగేసరికి గుట్ట లేదు. నా దగ్గర మిగిలింది సగం బొమ్మ, సెల్ ఫోనులో తీసిన నాలుగు ఫొటోలు.

ఈ బండలు ఎలా పుట్టాయో తెలుసుకుంటే వాటిని చెక్కడం సగం వచ్చినట్టే, అందుకని ముందు ఆ సంగతి చెబుతాను. మన హైదరాబాదు రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. భూమి లోపల కరిగి ఉన్న పదార్థం చల్లారి గట్టిపడ్డది. ఈ గుండ్రాళ్ళు ఎక్కడినుంచో దొర్లి వచ్చాయనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. అవి పుట్టిన చోటే ఉన్నాయి. గట్టిపడ్డ రాతిలో అడ్డంగా, నిలువుగా పగుళ్ళు వచ్చాయి. ఆ పగుళ్ళలోకి నీరు దిగి రాతిని కొంచెం కొంచెంగా తినేసింది. కొత్త సబ్బుబిళ్ళ చూడండి, నాలుగు రోజులు వాడేసరికి ముందు అరిగేవి మూలలే కదా! నీరు అన్ని వైపుల నుంచీ తగిలేది అక్కడే. రాయీ అంతే. మూలలు మెత్తబడి మొరం అయ్యాయి, నడుమ గట్టి ముద్ద గుండ్రంగా మిగిలింది. తర్వాత వానలకు మొరం కొట్టుకుపోయి, మిగిలిన ముద్దలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

కాబట్టి మనం కూడా మొదటే గుండ్రంగా చెక్కకూడదు. నేను మొదటిసారి అలాగే చేశాను, ఉల్లిగడ్డల బస్తా విప్పి పోసినట్టు వచ్చింది! ముందు పగుళ్ళు గీసుకుని రాతిని పలకలుగా, నాలుగు మూలలతో చెక్కాలి. ఆ తర్వాతే మూలలు అరగదీయాలి. పై బండకు, కింది బండకు మధ్య పగులు ఒకే వరసలో ఉంటే, ఒకప్పుడవి రెండూ ఒకే రాయి అని చూసేవాళ్ళకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక చెక్క సంగతి. కొండపల్లి బొమ్మలు చేసేది తెల్ల పొణికి చెక్కతో. నిర్మల్ బొమ్మలకూ అదే. బెండులా తేలికగా, మెత్తగా ఉంటుంది, ఉలి సులువుగా దిగుతుంది. మా మాదాపూర్ శిల్పారామంలో మేళా జరిగినప్పుడు కొండపల్లి పనివారి దగ్గర కూర్చుని చాలాసేపు చూశాను. బొమ్మ మొత్తం ఒకే ముక్కలో చెక్కరు. చేతులు, తల విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సుద్ద పూసి రంగులు వేస్తారు. ఈ మక్కు పద్ధతి మన పలకకూ ఎంత పనికొస్తుందో ముందు ముందు చెబుతాను.

పొణికి దొరకడం ఇప్పుడు కష్టమే. ఊళ్ళో అందరికీ దొరికేది మామిడి, టేకు. టేకు గట్టిది, ఖరీదు కూడాను. మొదటి పలకకు మామిడి చాలు. ప్లైవుడ్ మాత్రం వద్దు, చెక్కుతుంటే పొరలు పొరలుగా లేచిపోతుంది. ఏ చెక్కయినా బాగా ఎండినదై ఉండాలి. నేను వానాకాలంలో ఒక డిపోలో "ఎండినదే తల్లీ" అంటే నమ్మి కొన్నాను. ఏప్రిల్ వచ్చేసరికి సరిగ్గా చెరువు నడుమ అడ్డంగా బీట విచ్చింది. అందుకని చెక్క కొని తెచ్చాక గాలి తగిలే నీడలో రెండు మూడు నెలలు ఊరికే ఉంచండి. ఎండలో పెట్టకండి, వంకర పోతుంది.

పలక పద్దెనిమిది అంగుళాల పొడవు, పన్నెండు వెడల్పు, అంగుళం మందం. అంగుళాన్ని వడ్రంగులు ఎనిమిది నూళ్ళుగా లెక్కపెడతారు. మనం అందులో నాలుగు నూళ్ళే వాడుకుంటాం, వెనక నాలుగు నూళ్ళు బలానికి వదిలేయాలి. ఈ అర అంగుళంలోనే కిటికీ ముందున్న బండ నుంచి దుర్గం చెరువు అవతలి గట్టు దాకా చూపించాలి! ముందున్న బండకు చెక్క పైభాగం వదిలేయండి. వెనక బండలు ఒక నూలు కిందికి, చెరువు రెండు నూళ్ళ కిందికి, అవతలి గట్టు, దాని మీది మేడలు మూడు నూళ్ళ కిందికి, ఆకాశం నాలుగు. పని మొదలుపెట్టడం మాత్రం ఆకాశంతో. దూరానిది ముందు దింపుకుని, దగ్గరది చివర చెక్కాలి. తీసిన చెక్క మళ్ళీ రాదు కదా.

"సైబర్ టవర్స్ పెట్టవేం?" అని మా అమ్మాయి అడిగింది. అది 1998లో వచ్చింది, రాళ్ళు అంతకు ముందు నుంచీ ఉన్నాయి, అందుకని మేడలకు ఒక నూలే ఇచ్చాను. 2020లో వచ్చిన తీగల వంతెనను అసలు చెక్కనే లేదు. అంత సన్నని తీగలు చెక్కలో నిలవవు, సన్నటి కుంచెతో గీస్తే సరిపోతుంది.

పలకను బల్లకు క్లాంపుతో బిగించండి. ఒడిలో పెట్టుకుని చెక్కడం ఎన్నడూ పనికిరాదు. రెండు చేతులూ ఉలి పదునుకు వెనకనే ఉండాలి. చెక్కలో గీతలు ఎటు పోతున్నాయో చూసి అటే తోయాలి, ఎదురు తోస్తే పేళ్ళు లేస్తాయి. ఉలి మొద్దుబారితే బలం పెట్టకండి, సానరాయి మీద నూరండి. చెయ్యి తెగేది చాలావరకు మొద్దు ఉలితోనే.

నా పలక సగమయ్యాక ఒక చిక్కు వచ్చింది. ఏ బండ ముందు, ఏది వెనక అన్నది ఫొటోలో తెలియలేదు. మా వాచ్‌మన్ తల్లి ఒకావిడ ఉంది. చిన్నప్పుడు ఆ గుట్ట మీదే మేకలు కాచిందట. ఆవిడకు చూపించి, "అవ్వా, ఇది ఇలాగే ఉండేదా?" అన్నాను. పలక మీద వేలితో తడిమి, "గీ పెద్ద బండ ముంగటికి లేకుండె అమ్మా, ఎన్కకుండె. రొండిటి నడుమ సందుండె. వాన పడితే మేకలు అండ్లకే ఉరికేటియి" అంది. నేను సరిగ్గా తలకిందులు చేశాను! పెద్ద బండను ఒక నూలు దింపడం సులువే. ముందుకు రావలసిన చిన్న బండ అప్పటికే అరిగిపోయింది. అప్పుడు కొండపల్లి పద్ధతి గుర్తొచ్చింది. విడిగా ఒక ముక్క చెక్కి, మక్కుతో అతికించాను. చెరువులో బీట కూడా ఆ మక్కుతోనే పూడింది.

మక్కు ఇలా చేయండి. చింతగింజలు వేయించి, పైపొట్టు తీసి, మెత్తగా పొడి కొట్టండి. నీళ్ళలో కలిపి సన్నని సెగ మీద గంజిలా చిక్కబడేదాకా ఉడికించి, జల్లించిన రంపపు పొట్టు చపాతీపిండిలా అయ్యేదాకా కలపండి. ఆ పూటకు కావలసినంతే చేసుకోండి, నిలవుంటే కంపు కొడుతుంది. పూర్తిగా ఆరాక గరుకు కాగితంతో రుద్ది, సుద్ద పలచగా రెండు పూతలు పూయండి. రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవకండి.

రంగులకు పోస్టర్ కలర్ చాలు. దూరపు గట్టుకు నీలం కలిసిన లేత రంగు, దగ్గరి బండలకు ముదురు. బండ అనగానే అందరూ డబ్బాలోని బూడిదరంగు పులిమేస్తారు. మన బండను దగ్గరగా చూడండి, బూడిదరంగులో లేత గులాబీ పొడలుంటాయి. వాన నీరు జారిన చోట పైనుంచి కిందికి నల్లటి చారలుంటాయి. ఆ చారలు వేసిన తర్వాతే నా బండలు బండల్లా కనిపించాయి. ఆరాక మెరుపులేని వార్నిష్ ఒక పూత వేస్తే సరి.

తగిలించడానికి వెనక రెండు మరమేకులు బిగించి తీగ కట్టండి. నేరుగా ఎండ తగిలే గోడా, వంటింటి ఆవిరి తగిలే గోడా వద్దు. తడిగుడ్డతో తుడవకండి, పొడి కుంచెతో దుమ్ము దులపండి.

పలక పూర్తయ్యాక అవ్వను పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, "మేకలేవి?" అంది. మిగిలిన మక్కుతో గోరంత మేకలు మూడు చేసి, ఆ సందు దగ్గర అతికించాను.