వికీపుటలయందు పదసూచికలు – పరిమాణ విచారము

వికీ యనగా చదువరులే దిద్దుకొనదగిన పుటల సముదాయము. ఈ పద్ధతిని 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ ప్రారంభించెను. తెలుగు వికీపీడియా 2003లో వెలసినది. కావ్యముల పదసూచికలను గూడ పట్టికలుగా నిట్టి పుటలయందే నిలుపవలెనని పరిశోధకులకు తోచుట సహజము. అది యెంతవరకు సాధ్యమో యిచ్చట విచారింతము.

వికీపీడియాకు ఆధారమైన మీడియావికీయందు ఒక పుట మూలపాఠమునకు 20,97,152 బైట్లు సామాన్య పరిమితి. అది దాటిన పుట భద్రము కాదు. ఈ కొలత అక్షరములకు గాక బైట్లకు వర్తించుట గమనింపదగినది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమున కొక బైటు చాలును. తెలుగున అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు – ప్రతిదానికిని మూడేసి బైట్లు కావలెను. 'తెలుగు' అను పదమున కంటికి కనబడునవి మూడక్షరములు. యంత్రమునకు ఆరు సంకేతములు, 18 బైట్లు. కావున 60 తెలుగు సంకేతములు గల ఆరోపము 180 బైట్లగును. అట్టివి ఒక పుటలో సుమారు 11,650 మాత్రమే పట్టును. ఆంగ్లాక్షరములలో నైనచో 34,950 వరకు పట్టును.

ఆరోపములను మూసలతో కూర్చినచో మరియొక చిక్కు కలదు. మూసలు విస్తరించిన పిమ్మటి పాఠమునకును పరిమితి కలదు. అది నిండినచో తక్కిన మూసలు విస్తరింపక వట్టి లంకెలుగా మిగులును. ఇక ఒక్క అక్షరమును సవరించినను పుట యంతయు నూతన ప్రతిగా భద్రమగును. రెండు మెగాబైట్ల పుటకు నూరు సవరణలు జరిగినచో, సంక్షేపింపక పూర్వము, ఆ ప్రతులు 200 మెగాబైట్లగును.

అక్షరక్రమమున పుటలను విభజింపరాదా యందురేమో. పరిమాణము తగ్గును గాని ప్రయోజనము సిద్ధింపదు. ఒక కవి యే యాశ్వాసమున నే క్రియను ఎన్నిమారులు ప్రయోగించెనని యడిగినచో, పుటలన్నియు వెదకిన గాని యుత్తరము లభింపదు. పుటకు పట్టికయు వచనమే.

2012లో ఏర్పడిన వికీడేటా ప్రతి విషయమును వేర్వేరు అంశముగా నిలిపి ప్రశ్నింప వీలు కల్పించినది. 2018 నుండి పదములకును అందు స్థానము కలదు. దానికిని హద్దు లేకపోలేదు. ప్రశ్నించు యంత్రమునకు భారమధికమగుటచే, 2025లో విద్వద్వ్యాసముల సమాచారమును వేరుపరుపవలసి వచ్చినది.

కావున సూచికను దత్తాంశముగా వేరొకచోట భద్రపరచి, వికీపుటలో దాని ప్రణాళికను, పాఠనిర్ణయ సూత్రములను, కొన్ని మాదిరి ఆరోపములను మాత్రమే యుంచుట మేలని మా యభిప్రాయము. అట్లు చేయనిచో ఏండ్లతరబడి కూర్చిన సూచిక 'చ'వర్గమునకో 'ప'వర్గమునకో వచ్చుసరికి నిలిచిపోవును. తరువాతివారు మొదటినుండి కూర్చుకొనవలసి వచ్చును.