లీమరుల జీవితము - వాని సంరక్షణ

ప్రాచీన రోమనులు రాత్రివేళ సంచరించు ప్రేతములను "లెమురులు" అనెడివారు. చీకటిలో మెల్లగా కదలాడు కొన్ని జంతువులకు స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయసు 18వ శతాబ్దిలో ఆ పేరే పెట్టెను. పేరు భయంకరమే గాని లీమరులు సాధుజంతువులు. ఇవి సహజముగా నివసించు చోటు ప్రపంచమున ఒక్కటే: ఆఫ్రికాకు తూర్పున హిందూమహాసముద్రములో నున్న మడగాస్కరు ద్వీపము. మన శేషాచలము అడవులలోని దేవాంగపిల్లి వీనికి దూరపు చుట్టము.

మడగాస్కరు సుమారు 9 కోట్ల సంవత్సరముల క్రిందటనే భారతదేశమునుండి విడిపోయినది. అటు తరువాత చాలకాలమునకు, ఆఫ్రికా తీరమునుండి కొట్టుకొనివచ్చిన చెట్లపై లీమరుల పూర్వులు ఆ దీవి చేరియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. అచట పోటీకి కోతులు లేవు. అందుచే పిడికిలిలో ఇముడు చుంచులీమరు మొదలు, అడవి మారుమ్రోగునట్లు కూయు ఇండ్రి వరకు, వందకు పైగా జాతులు ఏర్పడినవి. పెక్కు జాతులలో పెత్తనము ఆడువానిదే.

ఆహారమును ఇవి పంచుకొను తీరు చూడదగినది. దీవికి ఆగ్నేయమున రానొమఫాన అడవిలో మూడు జాతుల వెదురులీమరులు కలవు. చిన్నది ఆకులను తినును. పెద్దది బొంగును చీల్చి లోపలి గుజ్జును తినును. బంగారువన్నెది లేత మొలకలను కోరును. ఈ మొలకలలో సయనైడు విషమున్నది. బంగారులీమరు దినమునకు తిను అరకిలో వెదురులోని విషము, అంతటి జంతువును చంపుటకు వలయుదానికి సుమారు 12 రెట్లు! అయినను దానికి ఏ హానియు కలుగదు.

ఇట్టి తిండికి అలవడిన ప్రాణి ఆ వెదురు పోయిన తరువాత మరియొక చోట బ్రతుకజాలదు. ఇండ్రి సంగతియు అంతే. దానిని జంతుప్రదర్శనశాలలలో పెంచజూచిన ప్రయత్నములు విఫలమైనవి. పైగా అది రెండు మూడేండ్లకు గాని ఒక పిల్లను కనదు. వరిసాగుకై అడవిని నరికి కాల్చుట, బొగ్గుకై చెట్లు కొట్టుట, మాంసమునకై వేటాడుట ఇంకను సాగుచున్నవి. దోషమంతయు సేద్యగానిపై మోపుట సులభమే కాని న్యాయము కాదు; ఆ పల్లెల పేదరికము అట్టిది. ఇండ్రిని తమ పూర్వుల చుట్టముగా ఎంచి చంపరాదను కట్టుబాటు కూడ పలు గ్రామములలో కలదు. అయితే చెట్లకు అట్టి రక్షణ లేకపోయెను. 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము వేసిన లెక్క ప్రకారము, 107 జాతులలో 103 ప్రమాదములో నున్నవి. వానిలో 33 జాతులు అంతరించుటకు అతి చేరువలో నున్నవి.

బంగారులీమరు 1986లో శాస్త్రజ్ఞుల కంటబడినది. అమెరికా శాస్త్రజ్ఞురాలు పెట్రిషియా రైటు మొదలగువారి కృషివలన 1991లో రానొమఫాన జాతీయవనమైనది. చుట్టుప్రక్కల గ్రామస్థులలో పలువురు అచట యాత్రికులకు దారిచూపుచు, పరిశోధకులకు తోడ్పడుచు జీవనము సాగించుచున్నారు.