భూగర్భ గనుల దగ్గర గద్దలు, గుడ్లగూబల గూళ్లు: రైతులు ఎలా గమనించాలి?

సింగరేణి ప్రాంతంలో, ముఖ్యంగా మంచిర్యాల, పెద్దపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో, పంట పొలాల సమీపంలో భూగర్భ బొగ్గు గనులు ఉన్నాయి. ఈ పొలాల గట్ల మీది చెట్లలో, పాత ఇళ్లలో గద్దలు, డేగలు, గుడ్లగూబలు గూళ్లు పెడతాయి. చావుపిట్ట అని మనం తరిమే తెల్ల గుడ్లగూబకు ఎలుకలే ప్రధాన ఆహారం. దాని గూడు పోతే ఎలుకల బెడద పెరిగేది మన పొలంలోనే. గని వచ్చాక 'మునుపు ఇక్కడ గూళ్లుండేవి' అని నోటిమాటగా చెబితే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తేదీలతో రాసిన వివరాలు ఉండాలి. ఆ రాత గని పని మీ పొలం కిందికి రాకముందే మొదలుపెట్టాలి.

గని వల్ల గూడుకు నష్టం ఎలా?

బొగ్గు తీసిన చోట పైకప్పును కూలనిస్తే పైన నేల కుంగుతుంది, పగుళ్లు వస్తాయి. ఇసుక నింపిన చోట కుంగడం తక్కువ. పగుళ్ల వల్ల వేళ్లు తెగి చెట్లు ఒరగవచ్చు, నేలలో తేమ దిగిపోయి చెట్లు ఎండిపోవచ్చు. గాలి ఫ్యాన్ల మోత, రాత్రి లైట్లు, కొత్త రోడ్లు, చెట్ల నరికివేత కూడా పక్షులను ఇబ్బంది పెడతాయి. పొదిగే సమయంలో బెదిరిన పక్షి గుడ్లను వదిలి వెళ్లిపోవచ్చు.

గూడును గుర్తించడం

- పక్షి పుల్లలు మోసుకెళ్లడం
- చెట్టు కింద తెల్లని రెట్టలు
- వెంట్రుకలు, ఎలుక ఎముకలు ఉన్న ఉండలు (గుడ్లగూబ జీర్ణం కానివాటిని ఇలా కక్కుతుంది)
- సాయంత్రం పిల్లల అరుపులు

డేగలు ఎక్కువగా వేసవిలో గుడ్లు పెడతాయి. తెల్ల గుడ్లగూబ సుమారు నెల రోజులు పొదుగుతుంది. పిల్లలు ఎగరడానికి మరో రెండు నెలలు పడుతుంది.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి?

15 రోజులకోసారి, పొద్దున్నే లేదా సాయంత్రం, సుమారు 100 మీటర్ల దూరం నుంచి 20 నిమిషాలు చూస్తే చాలు. చెట్టెక్కవద్దు. ప్రతిసారీ ఇవి రాయండి:

1. తేదీ, సర్వే నంబరు, ఏ చెట్టు
2. ఏ పక్షి, పొదుగుతోందా, పిల్లలున్నాయా, ఎగిరిపోయాయా, గూడు ఖాళీగా ఉందా
3. నేల పగుళ్లు, చెట్టు ఒరగడం, బావిలో నీటి మట్టం
4. దగ్గర్లో కొత్త పనులు, మోత, చెట్ల నరికివేత
5. పొలంలో ఎలుకల మందు పెట్టిన తేదీ

దూరం నుంచే ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. గనికి దూరంగా ఉన్న ఒకటి రెండు గూళ్లను కూడా ఇలాగే చూడండి. రెండు చోట్లా గూళ్లు తగ్గితే కరువో, మందో కారణం కావచ్చు. గని దగ్గర మాత్రమే తగ్గితే మీ అనుమానానికి బలం ఉంటుంది.

ఎలుకల మందుతో జాగ్రత్త

బ్రోమోడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. దాన్ని తిన్న గుడ్లగూబ కూడా చనిపోవచ్చు. అందుకే మందు తేదీ రాయకపోతే తప్పంతా గని మీదికే పోతుంది, అసలు కారణం తెలియదు. చచ్చిన ఎలుకలను రోజూ ఏరి లోతుగా పూడ్చండి.

వివరాలు ఎవరికి ఇవ్వాలి?

కొత్త గనికి, విస్తరణకు ముందు కాలుష్య నియంత్రణ మండలి సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. అక్కడ మీ నోట్‌బుక్ నకలు రాతపూర్వకంగా ఇచ్చి, గూళ్లున్న చెట్లను నరకవద్దని, పిల్లలు ఎగిరేదాకా అక్కడ పైపనులు ఆపాలని కోరవచ్చు. పని నడుస్తున్న గని అయితే గని మేనేజరుకు, అటవీ బీట్ అధికారికి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.

హెచ్చరిక

నేల పగుళ్ల దగ్గరికి వెళ్లవద్దు. పశువులను, పిల్లలను అటు పోనివ్వకుండా వెంటనే గని అధికారులకు, తహసీల్దారుకు తెలపండి. గూడు పాడుచేయడం, గుడ్లు తీయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. గూడు ఉన్న చోటును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. కింద పడిన పిల్ల కనిపిస్తే ఇంటికి తేకుండా అటవీ సిబ్బందికి చెప్పండి.